ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ గుండె గురించి మాట్లాడినంతగా మరే అవయవం గురించీ మాట్లాడరు. గుండె చెరువైందంటారు, గుండె జారిపోయిందంటారు, గుండె రాయి చేసుకోమంటారు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడూ, కొడుకు ఊరు వదిలి వెళ్ళేటప్పుడూ ఆ గుండె అందరికీ గుర్తొస్తుంది. అదే ఆడమనిషి ఒకరోజు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ బరువుగా ఉంది" అంటే మాత్రం అది గుండె అని ఎవరికీ తోచదు. గ్యాస్ అంటారు. రక్తం తక్కువంటారు. ముట్లుడిగే వయసు కదా అంటారు. మరీ మాట్లాడితే "నువ్వు ఊరికే ఆలోచిస్తావు" అంటారు. దిగుళ్ళన్నీ దాచుకునే చోటుగా మనకి బాగా తెలిసిన ఆ గుండె, నిమిషం నిమిషం రక్తం అందాల్సిన కండరం కూడా అన్న సంగతి మన మాటల్లోకి ఇంకా రాలేదేమో అనిపిస్తుంది.

మా అక్క విషయంలో ఈ మాటలన్నీ వరసగా విన్నాక చివరికి ఇంకో మాట విన్నాం. "నార్మల్." ముందటి మాటలన్నీ ఇంట్లోవాళ్ళవి, ఇరుగుపొరుగువాళ్ళవి. వాటితో పోట్లాడవచ్చు. ఈ మాట మాత్రం ఎక్స్‌రే బొమ్మలు వెంటబెట్టుకుని వచ్చింది. దానితో ఎలా పోట్లాడాలి? నేను ఇంజనీరింగ్ కాలేజీలో డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠం చెప్తాను. బొమ్మల్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల మీద లెక్కలు చేసి, కంటికి కనబడనిదాన్ని కనబడేట్టు చెయ్యటం ఆ పాఠం. అందుకే ఈ బొమ్మల సంగతి రాయాలనిపించింది.

అక్క ఖమ్మం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచరు. అప్పటికి యాభై రెండేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున ఛాతీ పట్టేసినట్టుండటం, నొప్పి దవడ దాకా పాకటం రెండేళ్ళుగా ఉన్నాయి. ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏదో తేడా కనిపించిందని ఒక పెద్ద ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు. డాక్టరు బయటకొచ్చి, "బ్లాకులేం లేవండీ. పైపులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మేడమ్ గారిని టెన్షన్లు తగ్గించుకోమనండి" అని బావకి చెప్పాడు. అక్క లోపల స్పృహలోనే ఉంది. ఆమెకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక గ్యాస్ మాత్ర, ఒక నిద్రమాత్ర రాసి, ఒక సీడీ చేతిలో పెట్టి పంపేశారు.

బావ ఊపిరి పీల్చుకున్నాడు. అక్క అత్తగారు "నేను ముందే చెప్పలా?" అంది. అక్క ఒక్కతే ఏడ్చింది. జబ్బు లేదంటే సంతోషించకుండా ఏడుస్తుందేమిటని అందరూ వింతపడ్డారు. రాత్రి ఫోన్ చేసి నాతో అంది, "చెల్లీ, నొప్పి ఉంది కదే. లేదని తేల్చేశాక ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోమంటావు?"

నా దగ్గర జవాబు లేదు. సీడీ పంపించమన్నాను.

ఎక్స్‌రే పుట్టినప్పటినుంచీ దానికి ఒక స్వభావం ఉంది. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని కనిపెట్టి, అవేమిటో తెలియదు కాబట్టి, గణితంలో తెలియని రాశికి పెట్టే ఎక్స్ అనే అక్షరాన్నే పేరుగా పెట్టాడు. ఆ డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని బొమ్మ తీశాడు. వేళ్ళ ఎముకలూ, వేలికున్న ఉంగరమూ కనిపించే ఆ బొమ్మ అందరం ఎక్కడో ఒకచోట చూసే ఉంటాం. అది నీడ. ఎముక దట్టం కాబట్టి దాని నీడ చిక్కగా పడింది. కండ నీడా, రక్తం నీడా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ చేతిలో ఏముందో బొమ్మ చెప్పింది. ఆ చెయ్యి ఏం పని చేసిందో, ఎంత పని చేసిందో చెప్పలేదు. చెప్పమని దాన్ని ఎవరూ అడగలేదు కూడా.

రక్తాన్ని చూడాలంటే అందులో ఎక్స్‌రేని అడ్డగించేది ఏదైనా కలపాలి. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాల్లోకి అలాంటి ద్రవం ఎక్కించి బొమ్మలు తీశాడు. గుండె దగ్గర ఆ ధైర్యం చెయ్యటానికి చాలాకాలం భయపడ్డారు. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు వేరే పరీక్ష చేస్తుండగా గొట్టం కొన జారి, రంగుమందు నేరుగా గుండెకి రక్తాన్నిచ్చే కుడి ధమనిలోకి పోయింది. గుండె ఆగిపోతుందనుకున్నారు. కొన్ని క్షణాలు తడబడి మళ్ళీ కొట్టుకుంది. కరోనరీ యాంజియోగ్రామ్ అలా మొదలైంది.

ఈ కథలో మా పాఠానికి సంబంధించిన ముక్క తీసివేతది. 1930లలో నెదర్లాండ్స్‌లో జీడ్సెస్ దె ప్లాంటెస్ అనే డాక్టరు, రంగుమందు ఎక్కించకముందు తీసిన ఫిల్మునీ, ఎక్కించాక తీసిన ఫిల్మునీ ఒకదానిమీద ఒకటి, ఒకటి తెలుపు నలుపులు తారుమారుచేసి పెడితే ఎముకల నీడలు రద్దయిపోయి నాళాలు మాత్రం మిగులుతాయని చూపించాడు. 1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మిస్ట్రెట్టా బృందం ఇదే పనిని కంప్యూటర్‌తో చేసింది. మొదటి బొమ్మలోని ప్రతి చుక్కకీ ఒక అంకె, రెండో బొమ్మలోని అదే చుక్కకి ఇంకో అంకె. ఇందులోంచి అది తీసేస్తే తేడా మిగులుతుంది. ఆ తేడాయే ప్రవహించేది.

క్లాసులో ఇది చెప్పేటప్పుడు పిల్లలు రెండు విషయాలు గమనించాలని నా పట్టుదల. మొదటిది, తీసివేత అంటే ఏది అక్కర్లేదో ఎవరో నిర్ణయించారని అర్థం. రెండోది, తీసివేత సరిగ్గా కుదరాలంటే మనిషి కదలకూడదు, ఊపిరి కూడా బిగబట్టాలి. కాలి నాళాలకీ మెదడు నాళాలకీ ఇది బాగా కుదురుతుంది. గుండె ఆగదు కదా, అందుకని అక్కడ ఈ తీసివేత కష్టం. గుండెకి సాధారణంగా వరసగా, సెకనుకి పదిహేనో ముప్ఫయ్యో బొమ్మలు తీసి సినిమాలాగా తిప్పుతారు. డాక్టరు ఆ సినిమాలో నాళం ఎక్కడ సన్నబడిందో చూస్తాడు. సన్నబడిన చోట దొరికితే స్టెంటు, దొరక్కపోతే నార్మల్. అంటే కదిలే బొమ్మని తీసుకుని కూడా దాన్ని ఆగిన బొమ్మలాగే చదువుతున్నారన్నమాట. అన్నా బెర్తా చేతి దగ్గరే ఉన్నారు.

ఆ సినిమాలో ఇంకో సమాచారం ఉంటుంది. కాలం. రంగుమందు నాళం మొదట్లోకి వచ్చింది ఏ ఫ్రేములో, చివరికి చేరింది ఏ ఫ్రేములో చూసి, మధ్యలో ఎన్ని ఫ్రేములు నడిచాయో లెక్కపెడితే రక్తం ఎంత త్వరగా పారుతున్నదో తెలుస్తుంది. 1996లో మైకేల్ గిబ్సన్, ఆయన సహచరులు దీన్ని ఒక పద్ధతిగా ప్రకటించారు. దీన్ని టిమి ఫ్రేమ్ కౌంట్ అంటారు. సెకనుకి ముప్ఫయి ఫ్రేముల లెక్కన మామూలుగా కుడి ధమనిలో ఇరవై దాకా పడతాయి. ఎడమవైపు ముందుకి దిగే ధమని పొడుగు కాబట్టి అందులో ముప్ఫై ఆరు దాకా పడతాయి. ఆ పొడుగు తేడా పోవటానికి దాన్ని 1.7తో భాగిస్తారు. అప్పుడు అది 21 దగ్గర నిలుస్తుంది. 27 దాటితే ప్రవాహం మందగించినట్టు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఇంకో సూది అక్కర్లేదు, రోగికి ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు లేదు. తీసిన బొమ్మల్నే ఓపిగ్గా చూడాలి.

ఇందులో తీసివేతకీ చోటుంది. పెద్ద నాళాల్లోంచి రంగుమందు గుండె కండరంలోకి ఇంకేటప్పుడు, తడి గోడ మీద చెమ్మలాగా ఒక పలచటి మసక వచ్చి పోతుంది. మామూలు కంటికి అది తేలిగ్గా అందదు. గుండె చప్పుడులో ఒకే దశలో ఉన్న ఫ్రేముల్ని ఎంచుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆ మసక ఎంత చిక్కబడిందో, ఎంత త్వరగా వచ్చిందో అంకెల్లో తెలుస్తుంది. నాళం ఆకారం దాటి, కండరానికి రక్తం అందిందా లేదా అన్న ప్రశ్నని ఎక్స్‌రే బొమ్మని అడగగలిగే చోటు ఇది.

సీడీ వచ్చాక రెండు రాత్రులు కూర్చున్నాను. ఆసుపత్రులు బొమ్మల్ని డైకామ్ అనే పద్ధతిలో దాస్తాయి. సెకనుకి ఎన్ని ఫ్రేములన్నది కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది. అక్కవి పదిహేను. ఎడమ ధమనిలో రంగుమందు మొదలైన ఫ్రేము నుంచి అది కొసన చీలే చోటుకి చేరేదాకా ఇరవై ఆరు ఫ్రేములు. ముప్ఫయి లెక్కకి మారిస్తే యాభై రెండు. 1.7తో భాగిస్తే ముప్ఫై దాటింది. మూడుసార్లు లెక్కపెట్టాను. మా అక్క గుండెలో రక్తం ఆగి ఆగి నడుస్తోంది. అక్కది టెన్షన్ అని చెప్పటానికి వాడుకున్న బొమ్మల్లోనే అది ఉంది.

నేను డాక్టర్ని కాదు. ఆ అంకె రోగ నిర్ణయం కాదని నాకు తెలుసు. కాని "నార్మల్" అన్న మాటకి ఎదురుగా పెట్టటానికి అక్కకి ఒక ప్రశ్న దొరికింది.

ఫోన్లో ఇదంతా వివరిస్తుంటే అక్క మధ్యలో ఆపి అంది, "అంటే సాగర్ ఎడమ కాలువ లాంటిదన్నమాట. పెద్ద కాలువ నిండుగా పారుతోందని గట్టు మీద కారులో పోయే ఇంజనీరు రాసుకుంటాడు. చివరి ఆయకట్టులో పిల్లకాలువ ఎండి పైరు వాడిపోతుంటే, కాలువ నిండుగా ఉంది కదా, నీకు నీళ్ళు రాకపోవటమేమిటి అంటాడు." నేను క్లాసులో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. గుండె పైన పరుచుకున్న పెద్ద ధమనులు కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. అర మిల్లీమీటరు కంటే సన్ననివి యాంజియోగ్రామ్‌లో కనబడవు. కండరంలోకి రక్తాన్ని చేర్చేవీ, అవసరానికి తగ్గట్టు విప్పారి ఎక్కువ రక్తాన్ని వదిలేవీ ఆ కనబడనివే. అవి విప్పారకపోతే పైన కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా కింద పైరు ఎండుతుంది.

ఈ సంగతి వైద్యానికి తెలియనిదేమీ కాదు. ఛాతీనొప్పి ఉండి, ట్రెడ్‌మిల్ తేడాగా ఉండి, యాంజియోగ్రామ్ మాత్రం శుభ్రంగా ఉన్నవాళ్ళ గురించి 1973లోనే రాశారు. వాళ్ళకి పెట్టిన పేరు సిండ్రోమ్ ఎక్స్. ఒక పరిశోధనా పత్రంలో రోగుల్ని గుంపులుగా విడదీసి ఒక గుంపుకి ఎక్స్ అని పేరుపెడితే, దాని మీద రాసిన హార్వే కెంప్ ఆ అక్షరాన్నే తీసుకున్నాడు. కిరణాలకీ ఎక్సే, ఆ కిరణాలకి దొరకని నొప్పికీ ఎక్సే. కిరణాల ఎక్స్‌ని ప్రపంచంలోని భౌతికశాస్త్రజ్ఞులు వెంటపడి విప్పారు. ఈ రెండో ఎక్స్ మాత్రం దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. ఆ గుంపులో ఎక్కువమంది నడివయసు ఆడవాళ్ళు. కారణం వెతకటం కంటే "నరాల బలహీనత" అనటం తేలికైంది.

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల తొలి మహిళా డైరెక్టర్ బెర్నడీన్ హీలీ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సంపాదకీయం రాసింది. గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే తక్కువగా యాంజియోగ్రామ్‌లూ, ఆపరేషన్లూ చేస్తున్నారని చూపించిన రెండు అధ్యయనాలు ఆ సంచికలోనే వచ్చాయి. హీలీ దానికి యెంటిల్ సిండ్రోమ్ అని పేరుపెట్టింది. ఐజాక్ బాషెవిస్ సింగర్ కథలో యెంటిల్ అనే అమ్మాయి మత గ్రంథాలు చదువుకోవటం కోసం మగవేషం వేసుకుంటుంది. ఆడమనిషి తన జబ్బు మగవాడి జబ్బులాగే ఉందని నిరూపించుకుంటేనే మగవాడితో సమానంగా వైద్యం దొరుకుతుందని హీలీ చెప్పింది. పెద్ద నాళంలో స్పష్టంగా కనిపించే బ్లాకు ఆ మగవేషమే. మా అక్కకి ఆ వేషం లేదు.

1996లో మొదలైన వైజ్ అనే అధ్యయనం గుండెకి రక్తం చాలని ఆడవాళ్ళ మీదనే జరిగింది. ఛాతీనొప్పి ఉండి పెద్ద బ్లాకులు లేని ఆడవాళ్ళలో, పరీక్షిస్తే, దాదాపు సగంమందికి చిన్న నాళాలు సరిగ్గా పనిచెయ్యటం లేదని అందులో తేలింది. ఇలాంటివాళ్ళకి తర్వాతి ఏళ్ళలో గుండెపోటూ, గుండె వైఫల్యమూ వచ్చే ప్రమాదం, ఏ నొప్పీ లేనివాళ్ళకంటే ఎక్కువని కూడా తేలింది. నార్మల్ అన్నమాట ఓదార్పు కూడా కాదన్నమాట.

ఇక్కడ నా వాదనకి అనుకూలం కాని ఒక సంగతి చెప్పాలి. యాంజియోగ్రామ్‌లో రంగుమందు మెల్లగా నడవటం మగవాళ్ళలోనూ, ముఖ్యంగా సిగరెట్ తాగేవాళ్ళలో, బాగా కనిపిస్తుంది. దాన్ని ఆడవాళ్ళ గుర్తుగా చెప్పటం తప్పు. పైగా ఫ్రేముల లెక్క మామూలుగా వచ్చినంత మాత్రాన చిన్న నాళాలు బాగున్నట్టు కాదు. పడుకుని ఉన్నప్పుడు సరిపడా పారే రక్తం, మెట్లెక్కేటప్పుడు పెరగాల్సినంత పెరగకపోవచ్చు. దాన్ని చూడాలంటే మందిచ్చి నాళాల్ని విప్పార్చి, ప్రవాహం ఎన్ని రెట్లు పెరిగిందో కొలవాలి. ఆ సన్నటి తీగ పరీక్ష చేసే చోట్లు మన దగ్గర తక్కువ. ఈమధ్య కొన్ని సాఫ్ట్‌వేర్లు, తీగ లేకుండా, యాంజియోగ్రామ్ ఫ్రేముల్నించే చిన్న నాళాల నిరోధాన్ని అంచనా వెయ్యటం మొదలుపెట్టాయి. మంచిదే. కాని ఏ గీత దాటితే జబ్బు అని ఆ సాఫ్ట్‌వేర్‌కి నేర్పేటప్పుడు ఎవరి గుండెల్ని చూపించారన్నది అడగటం మనం మానకూడదు. పాత కొలబద్దే కంప్యూటర్లోకి చేరితే దానితో పోట్లాడటం ఇంకా కష్టం.

అక్కని హైదరాబాదులో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె నా లెక్కల కాగితం పక్కన పెట్టి ముందు అక్కని అడిగింది, "నొప్పి ఎలా ఉంటుందమ్మా, మీ మాటల్లో చెప్పండి." అక్క పావుగంట చెప్పింది. తర్వాత ఆమె బొమ్మలు చూసింది, తీగ పరీక్ష చేసింది. మందుతో రెండు రెట్లయినా పెరగాల్సిన ప్రవాహం ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగింది. జబ్బుకి పేరొచ్చింది, మైక్రోవాస్కులర్ యాంజైనా. గ్లాస్గోలో కోర్‌మికా అనే పరీక్ష చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద బ్లాకులు లేని 151 మందిని తీసుకుని, ఇలా కారణం కొలిచి దానికి తగిన మందులిస్తే నొప్పీ తగ్గింది, బతుకూ మెరుగైంది అని చూపించారు. వాళ్ళలో మూడొంతులకి దగ్గరగా ఆడవాళ్ళే. అక్కకీ మందులు మారాయి. నొప్పి పూర్తిగా పోలేదు. మెట్లు మాత్రం మధ్యలో ఆగకుండా ఎక్కుతోంది.

నన్ను బాధించేది ఇంకొకటుంది. ఒకటిన్నర అన్న అంకె ఇంట్లో అడుగుపెట్టాకనే అక్కకి నీళ్ళబిందె మొయ్యటం తప్పింది. అంతకు ముందు రెండేళ్ళు తను చెప్పిన మాట చాలలేదు. నాలాగా డైకామ్ ఫైలు తెరిచే చెల్లెలు ఎంతమందికి ఉంటుంది? ఒకవేళ ఆ అంకె కూడా మామూలుగా వచ్చి ఉంటే అక్క నొప్పి అబద్ధమయ్యేదా? మా విద్య మీద నాకు గౌరవం ఉంది. ఆగిన నీడని కదిలే ప్రవాహంగా చదవటం నేర్పింది అది. అయితే ఆడమనిషి మాటని నమ్మటానికి అంకె సాయం ఉండాలన్న షరతు మాత్రం ఆ విద్య పెట్టింది కాదు. అది మనం కొత్త యంత్రాల్లోకి మోసుకొచ్చిన పాత షరతు.

అందుకని నేను అడిగేది చిన్నదే. యాంజియోగ్రామ్ చేయించుకునేవాళ్ళలో బ్లాకులు లేవని తేలేది మగవాళ్ళలోకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ కాగితం మీద ఆ మాట తర్వాత చుక్క పెట్టి ఇంటికి పంపెయ్యొద్దు. ఎన్ని ఫ్రేములు పట్టిందో రాయండి. తర్వాత ఇంకో వాక్యం రాయండి, "నొప్పి ఉంది, కారణం ఇంకా వెతకాలి" అని. ఆ కాగితం బావగారి చేతికిచ్చే ముందు, నొప్పి ఎవరిదో ఆమెకి చదివి వినిపించండి.